టార్చిలైటులో సూదులు

ప్రభుత్వానికి సూదుల మీద ఎలాంటి పగా లేదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. మా ఆసుపత్రిలో జరిగింది విన్నవాళ్ళు చాలామంది పగేననుకున్నారు. కాదు. జరిగిందంతా ప్రేమతోనే జరిగింది. పగే అయితే ఇంత నష్టం ఉండేది కాదు.

నా పేరు భుజంగరావు. జిల్లా పెద్దాసుపత్రి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్ళుగా మెమోలు రాస్తున్నాను. మెమో అందుకున్నవాళ్ళలో సగం మందికి ఆ భాష రాదు కాబట్టి వాళ్ళ తరఫున జవాబులు కూడా నేనే రాస్తాను. నా మెమోకి నేను రాసిన జవాబు సంతృప్తికరంగా లేదని మళ్ళీ నేనే రాసిన సందర్భాలున్నాయి.

హుసేనమ్మ మా ఆసుపత్రి దుప్పట్ల గదిలో కుట్టుపని చేసేది. దూదేకులవారి మనిషి, పరుపు పని తాతల నాటి నుంచీ వాళ్ళ ఇంట్లో ఉంది. మూడొందల మంచాల పరుపులు, దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదిలో వాడే పచ్చగుడ్డలు, ఏది చినిగినా ఆమె ముందుకే వచ్చి పడేది. ఒక కుట్టుమిషను కూడా ఉంది గానీ దాని బెల్టు తెగి ఆరేళ్ళయింది. కొత్త బెల్టు కోసం పంపిన ఇండెంటు ఇంకా ఏదో ఆఫీసులో విశ్రాంతి తీసుకుంటోంది. అందుకని ఆమె అంతా చేత్తోనే కుట్టేది.

ఉద్యోగం ఏడాది ఒప్పందం. పద్నాలుగేళ్ళుగా ప్రతి మార్చి నెలాఖరుకీ ఆ ఒప్పందం తెగేది, ఏప్రిల్ ఒకటిన నేను కాగితం రాసి అతికించేవాణ్ణి. ఆ కాగితం మీదే ఆమె, చూపు ఆనని ఆమె అత్తగారు, ఇద్దరూ బతికేవారు.

ఇక టార్చిలైటు సంగతి. హుసేనమ్మ భర్త మార్కెట్ యార్డులో వాచ్‌మన్‌గా ఉండేవాడు. మూడు బ్యాటరీల పొడుగాటి ఇత్తడి టార్చి ఆయనది. ఆయన పోయాక అది వెలగడం మానేసింది. ఆమె దాన్ని పారెయ్యలేదు. బల్బు తీసేసి, బ్యాటరీలు ఉండే చోట తల దువ్వుకున్నప్పుడు రాలిన జుట్టంతా కొబ్బరినూనె పట్టించి కూరింది. ఆ జుట్టులో గుచ్చిన సూదికి ఎన్నేళ్ళైనా తుప్పు పట్టదు. పరుపులు కుట్టే పొడుగాటి దబ్బనాలు నిలువునా అందులో పడతాయి. ముందున్న అద్దంలోంచి చూస్తే లోపల ఏ సూది ఉందో, ఏది లేదో కనిపిస్తుంది. మూత బిగించి సంచిలో వేసుకుంటే ఎవరికీ గుచ్చుకోదు. నేను పద్నాలుగేళ్ళు రోజూ దాన్ని చూశాను. అందులో విశేషం ఉందని నాకెప్పుడూ తోచలేదు. ఆ లెక్కన నేను మంచి అధికారిని అయ్యుండేవాణ్ణి కాదు.

విశేషాన్ని కనిపెట్టినవారు శ్రీ మార్తాండరావు గారు. ‘పాతకు పట్టం’ అనే పథకానికి జిల్లా ప్రత్యేకాధికారి. పనికిరాని వస్తువుల్ని పనికొచ్చేలా చెయ్యడం ఆ పథకం ఉద్దేశం. అంతకుముందే ఆయన జిల్లాలో పగిలిన బకెట్లన్నిటినీ పూలకుండీలుగా, అరిగిన టైర్లన్నిటినీ కుర్చీలుగా మార్పించి, మార్చడానికి ఇంకేమీ మిగలక దిగులుగా ఉన్నారు. ఆ దిగులుతోనే జనవరిలో మా ఆసుపత్రి తనిఖీకి వచ్చారు. మగవాళ్ళ వార్డులో ఒక మంచానికి లేచిపోయిన మేకు ఆయన చొక్కా జేబుని పట్టుకుని సగం చింపింది.

మా సూపరింటెండెంటు డాక్టర్ పట్టాభి గారు ఆయన్ని స్వయంగా దుప్పట్ల గదికి తీసుకెళ్ళారు. నేను ఫైలు పట్టుకుని వెనకాలే ఉన్నాను. హుసేనమ్మ టార్చి మూత తిప్పి, సన్నసూది ఒకటి తీసి, మనిషి ఒంటి మీదే చొక్కా ఉండగానే జేబు కుట్టేసింది. మార్తాండరావు గారి చూపు జేబు మీద లేదు.

“ఏమిటమ్మా ఇది?”

“టార్చిలైటు సార్.”

“లోపల?”

“సూదులు సార్.”

ఆయన టార్చి అద్దానికి కన్ను ఆనించి చూశారు. “టార్చిలైటులో సూదులు” అని నెమ్మదిగా తనలో తాను అనుకున్నారు. తర్వాత పట్టాభి గారి వైపు తిరిగి, “డాక్టర్ గారూ, ఇన్నాళ్ళూ మనం ఏం చేస్తున్నాం?” అని అడిగారు.

“రోగుల్ని చూస్తున్నాం సార్,” అన్నారు పట్టాభి గారు, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

ప్రత్యేకాధికారి గారు ఆ సూదిని చూడాలని చెయ్యి చాపారు. హుసేనమ్మ చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది.

“సూది చేతికియ్యగూడదు సార్. ఇచ్చినోళ్ళకీ పుచ్చుకున్నోళ్ళకీ తగాదాలొస్తయ్. బల్ల మీద పెడితే మీరు తీసుకోవాల.”

ఆయన ముఖం వెలిగిపోయింది. డైరీ తీసి, ‘సంప్రదాయ భద్రతా ప్రమాణం’ అని రాసుకున్నారు. “ఇలాంటివి ఇంకా ఉన్నాయా?”

“దీపాలు పెట్టినాక సూది బయటికియ్యగూడదంటారు సార్. మా అత్త ఇప్పటికీ ఇయ్యనియ్యదు.”

అదీ రాసుకున్నారు. ఆ పూట హుసేనమ్మ నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ పెద్దాయన అడిగితే చెప్పకపోవడం మర్యాద కాదుగదా.

వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. ‘ఇందుమూలముగా జిల్లాలోని సమస్త కార్యాలయాధిపతులకు తెలియజేయడమేమనగా, ప్రతి ఉద్యోగియు తన గృహమందు వాడి విడిచిన వస్తువు నుండి స్వహస్తములతో ఒక సూదిపెట్టెను తయారుచేసి, పదిహేను దినములలోగా కార్యాలయమందు ప్రదర్శించవలెను.’ కింద నిబంధనలు. నాలుగోది: ప్రతి పెట్టెలో కనీసం ఒక సూది ఉండవలెను. అయిదోది: పెట్టెకు వెలుపల సూది ఉండరాదు. ఏడోది: సూదిని చేతి నుండి చేతికి ఇవ్వరాదు. ఎనిమిదోది: దీపము వెలిగించిన పిమ్మట సూదిని ఇవ్వరాదు.

చిత్తుప్రతిలో ‘సాయంకాలము దీపము’ అని ఉండేది. కార్యాలయ పనివేళలు సాయంత్రంతో ముగుస్తాయి కాబట్టి ఆ మాట అనవసరమని మార్తాండరావు గారే కొట్టేశారు. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది.

ఉత్తర్వుతోపాటు జీపు కూడా వచ్చింది. టార్చిలైటుని ‘మూల నమూనా’గా ప్రకటించారు. మార్చి నెలలో జిల్లా ప్రదర్శన ఉంటుంది, అంతవరకు దాన్ని గాజుపెట్టెలో భద్రపరుస్తారు. సూదులతో సహా.

“మరి నేను ఎట్టా కుట్టేది సార్?” అంది హుసేనమ్మ, జీపు వెళ్ళిపోయాక.

“రెండు నెలలే కదా. సర్దుకో,” అన్నాను నేను. అలా అన్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అప్పుడు మాత్రం టీ తాగడానికి వెళ్ళాను.

మా ఆసుపత్రిలో నాలుగు వందల పన్నెండు మంది ఉద్యోగులం. ఇళ్ళల్లో వాడి విడిచిన వస్తువులు దొరకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మన ఇళ్ళల్లో ఎవరూ దేన్నీ విడవరు. చిల్లుపడ్డ చెంబులో పిండి పోసుకుంటారు, చెవి విరిగిన కప్పులో ఉప్పు పోసుకుంటారు. నేను మా ఆవిడ పోపులడబ్బా వైపు చూశాను.

“దాని జోలికొచ్చారంటే రేపట్నుంచి మీ ఆఫీసు క్యాంటీన్లోనే తినండి,” అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

చివరికి మా నాన్న కళ్ళజోడు పెట్టె తీసుకెళ్ళాను. స్టోర్‌కీపర్ జోజిబాబు వాళ్ళావిడకి తెలియకుండా ఇడ్లీపాత్రలో రెండు పళ్ళేలు పట్టుకొచ్చి, అవి ‘విడిచినవే’నని ధ్రువపత్రం రాసిచ్చాడు. రెండు రోజుల తర్వాత ఆయన నుదుటి మీద బొప్పి కట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

నర్సులది ఇంకో ఇబ్బంది. ఉత్తర్వుకి జతచేసిన బొమ్మలో టార్చిలైటు ఉంది కాబట్టి కొన్ని పెట్టెలైనా టార్చిలైటులే కావాలని పైనుంచి ఫోను వచ్చింది. వెలగని టార్చిలు ఎక్కడా దొరకలేదు. కరెంటు పోయినప్పుడు రాత్రి డ్యూటీ నర్సులు వాడే టార్చిలు మా స్టోరులో ఇరవై నాలుగు ఉన్నాయి, అన్నీ వెలుగుతున్నాయి. పట్టాభి గారు ఒక సంఘం వేశారు. ఆ సంఘం ఆ టార్చిలన్నిటినీ పరీక్షించి, వెలగడం అనే లోపం ఉన్నందున సూదిపెట్టెలుగా పనికిరావని తేల్చి, బల్బులు తీయించి లోపాన్ని సరిదిద్దింది. ఆ తర్వాత కరెంటు పోయిన ప్రతిసారీ నర్సులు గోడలు తడుముకుంటూ నడిచారు.

పెట్టెలు తయారయ్యాయి. సూదులు లేవు.

జిల్లాలో ప్రతి ఆఫీసుకీ ఇదే ఉత్తర్వు కదా. మూడో రోజుకల్లా బజారులో సూది అనేది కనిపించకుండా పోయింది. ఫ్యాన్సీ షాపుల వాళ్ళు ‘సూదులు లేవు’ అని అట్టలు వేలాడదీశారు. ఇళ్ళల్లో క్యాలెండర్లకి గుచ్చి ఉండే సూదులు కూడా మాయమయ్యాయి. తనిఖీ నాలుగు రోజుల్లో ఉందనగా పట్టాభి గారు సమావేశం పెట్టారు. మార్తాండరావు గారు అధ్యక్షత వహించారు.

“ఇంజక్షన్ సూదులు బోలెడున్నాయి కదండీ,” అన్నాడు జోజిబాబు.

“సూది అనగా నేమి, అన్నది ముందు నిర్ధారణ కావాలి,” అన్నారు మార్తాండరావు గారు. “బెజ్జం గలది సూది. ఇంజక్షన్ సూదికి బెజ్జం ఉన్నదా?”

“ఉంది సార్,” అన్నారు పట్టాభి గారు. “కానీ అది పొడుగునా ఉంటుంది.”

“పొడవు గురించి నిబంధనల్లో ఏమీ లేదు,” అన్నారు మార్తాండరావు గారు. సమావేశం ముగిసింది.

ఆపరేషన్ గది సర్జన్ గారు మాత్రం, కడుపులు కుట్టే సూదులు ఇవ్వనని గట్టిగా అడ్డుపడ్డారు. ఆయనకి క్రమశిక్షణ గురించి ఒక మెమో వెళ్ళింది. మర్నాటి నుంచి చిన్నాచితకా ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, ప్రతి పెట్టెలోనూ సూది పడింది. తనిఖీలో మా ఆసుపత్రికి జిల్లాలో ప్రథమ స్థానం వచ్చింది. తనిఖీ అయ్యాక పెట్టెలన్నిటికీ లక్క సీలు వేశారు, ప్రదర్శన దాకా ఎవరూ ముట్టుకోకూడదని.

ఒక్క ఉద్యోగికి మాత్రం పెట్టె లేదు. హుసేనమ్మకి.

ఆమె ప్రయత్నించకపోలేదు. పౌడరు డబ్బాతో ఒకటి చేసింది. కొన్న తేదీకి ఆధారం లేదని తిప్పి పంపారు. అత్తగారి వక్కల డబ్బాతో చేసింది. అది ఇంకా వాడుకలో ఉన్నట్టు వక్కవాసన వస్తోందని తిప్పి పంపారు. చివరికి ఖాళీ గ్లూకోజు సీసా కోసి, ఎంతో చక్కగా, పైన గుడ్డ మూత కూడా కుట్టి పట్టుకొచ్చింది. గ్లూకోజు సీసా గృహోపయోగ వస్తువు కాదు, ఆసుపత్రి వ్యర్థం, దాన్ని బయటికి తీసినందుకు ఇంకో మెమో.

ఇంతలో పరుపులు పిగిలిపోవడం మొదలైంది. ఫిబ్రవరి సగానికి మగవాళ్ళ వార్డులో దూది నేలమీద పొర్లుతోంది. రోగులు మంచాల ఇనుప పట్టీల మీద వార్తాపత్రికలు పరుచుకుని పడుకున్నారు. ఒక ముసలాయన తన కింద ఉన్న పేపరులో మా ఆసుపత్రికి ప్రథమ స్థానం వచ్చిన వార్త ఉందని నన్ను పిలిచి చూపించాడు.

కాన్పుల వార్డు మాత్రం బాగానే ఉంది. ఏదో ఫైలు మీద నేను అటు వెళ్ళినప్పుడు గమనించాను. పసిపిల్లల్ని పడుకోబెట్టే పరుపులకి కొత్త కుట్లు. దగ్గర దగ్గరగా, చీమల బారులాంటి కుట్లు. హుసేనమ్మ పక్కనే నిలబడి ఉంది. ఆమె కొంగు అంచున ఏదో సన్నగా మెరిసింది. టార్చి పట్టుకుపోయిన రోజు ఒక సూది ఒక పరుపులో సగం కుట్టులో ఉండిపోయిందట. పెట్టె లేదు కాబట్టి కొంగుకే గుచ్చుకుని తిరుగుతోంది.

“ఆ పసిగుడ్లని ఇనప పట్టీ మీద ఎట్టా పండబెట్టేది సార్?” అంది నెమ్మదిగా.

నేను చూడలేదన్నట్టు తల తిప్పుకున్నాను. ఇరవై ఆరేళ్ళలో నేను చేసిన సాహసం అదొక్కటి. దానికి తగ్గట్టే ఆఫీసుకి రాగానే పట్టాభి గారు చెప్పగా ఆమెకి సంజాయిషీ మెమో రాశాను. ఒకటి, వార్డులలో కుట్టుపని జరగలేదు. రెండు, సంస్థ మొత్తంలో సూదిపెట్టె లేని ఏకైక ఉద్యోగివి నీవే. మార్చి ముప్పై ఒకటిలోగా పెట్టె చూపనిచో ఒప్పందం పొడిగించబడదు. మర్నాడు ఆమె ఆ మెమో పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. జవాబు కూడా నేనే రాశాను: నా పెట్టె ప్రభుత్వ గాజుపెట్టెలో ఉన్నది గనుక నా వద్ద లేదు. సంతృప్తికరంగా లేదని పట్టాభి గారు రాశారు.

“ఆమె టార్చే కదండీ అందరికీ నమూనా,” అన్నాను ఆయనతో.

“అది మూల నమూనా, భుజంగరావు గారూ. వ్యక్తిగత పెట్టె కాదు. రెండూ ఒకటెలా అవుతాయి?” అన్నారాయన, నా చదువు మీద జాలిపడుతూ.

పెట్టె చేయడం రానివాళ్ళ కోసం మూడు రోజుల శిక్షణ పెట్టారు. హుసేనమ్మని తప్పనిసరిగా పంపాలన్నారు. సామాను మోయించడానికి నేనూ వెళ్ళాను. రాజధాని నుంచి వచ్చిన శిక్షకుడు తెర మీద బొమ్మలు వేశాడు. మొదటి బొమ్మ: రెండు చేతులు, ఒక ఇత్తడి టార్చి.

“ఆ చేతులు నాయే సార్,” అంది హుసేనమ్మ.

“సందేహాలు చివర్లోనమ్మా,” అన్నాడు శిక్షకుడు. “మూల నమూనాలో ఒక పెద్ద లోపం ఉంది. లోపల జుట్టు పెట్టారు. అపరిశుభ్రం. ఆ జుట్టంతా తీయించేసి మేము స్పాంజి పెట్టించాం.”

“అయ్యో. స్పాంజి తడి పీలుస్తది సార్. సూదులు తుప్పు పట్టిపోతయ్. నూనె జుట్టయితే...”

“చివర్లో అన్నాను కదమ్మా.”

చివర్లో పరీక్ష పెట్టారు. ముప్పై ఒక్క మందిలో ముప్పై మంది ఉత్తీర్ణులయ్యారు. హుసేనమ్మకి ‘పాల్గొన్నది’ అని మాత్రం రాసిచ్చారు. ‘పద్ధతి పట్ల అవగాహన లేదు’ అని పక్కన చిన్న అక్షరాల్లో ఉంది. బస్సులో తిరిగొస్తూ ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకుంది. ఆ ముఖం చూసి నాకు ఏదైనా అనాలనిపించింది. ఏం అనాలో నా మెమోల భాషలో దొరకలేదు.

మార్చి ఇరవై నాలుగున టౌన్‌హాల్లో ప్రదర్శన. జిల్లా ఆఫీసులన్నిటి నుంచీ వేలకొద్దీ సూదిపెట్టెలు బల్లల మీద వరుసగా పెట్టారు. మధ్యలో గాజుపెట్టెలో, పూలదండ వేసిన టార్చిలైటు. రాష్ట్ర సంచాలకులు గారు ముఖ్య అతిథి. ఉదయం పదకొండింటికి జ్యోతి ప్రజ్వలన. సంచాలకులు గారు కాస్త బొద్దుగా ఉంటారు. ఆరో వత్తి కిందవైపు ఉంది. దాన్ని వెలిగించడానికి ఆయన వంగారు. మైకు దగ్గరగా ఉండటంతో ఆ చప్పుడు హాలంతటికీ వినపడింది.

ఆయన ప్యాంటు వెనక కుట్టు పైనుంచి కిందికి పోయింది.

మార్తాండరావు గారు సన్మానానికి తెచ్చిన శాలువా చటుక్కున ఆయన నడుముకి చుట్టి తెర వెనక్కి తీసుకెళ్ళారు. మేమంతా వెనకాలే పరుగెత్తాం.

“సూది! ఎవరైనా సూది ఇవ్వండయ్యా!” అన్నారు సంచాలకులు గారు.

జోజిబాబు తన ఇడ్లీపళ్ళేల పెట్టె సీలు విప్పబోయాడు. పట్టాభి గారు అతని చెయ్యి పట్టుకున్నారు. “నిబంధన ఎనిమిది. దీపం వెలిగింది.”

“అది సాయంత్రం దీపం గురించి కదయ్యా!” అన్నారు మార్తాండరావు గారు.

“‘సాయంకాలము’ అన్న మాట మీరే కొట్టేశారు సార్,” అన్నాను నేను. ఆ నిమిషంలో నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోలేను.

“పోనీ, దీపం ఆర్పేద్దాం,” అన్నాడు జోజిబాబు.

“జ్యోతి ప్రజ్వలన చేసిన జ్యోతిని ఆర్పడమా? సంచాలకులు గారి చేతి మీదుగా వెలిగినదాన్ని?” అన్నారు పట్టాభి గారు, చెవులు మూసుకుని. హాల్లో జనం చప్పట్లు కొడుతున్నారు, ఎందుకో వాళ్ళకీ తెలియదు.

మార్తాండరావు గారు కాసేపు ఆలోచించి, మూల నమూనా ఎవరి వ్యక్తిగత పెట్టె కాదు కాబట్టి, దానిలోంచి తీయడం ‘ఇవ్వడం’ కిందికి రాదని తేల్చారు. గాజుపెట్టె తెరిపించారు. టార్చి మూత తిప్పారు. స్పాంజి పచ్చిగా నాని ఉంది. దానిలోని ఇరవై మూడు సూదులూ ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. ఒకటి లాగితే మధ్యకి విరిగింది. దబ్బనం స్పాంజిలోంచి రానే లేదు.

శిక్షణ తీసుకున్న ఉద్యోగినిగా హుసేనమ్మ కూడా అక్కడే ఒక మూల నిలబడి ఉంది. ఆమె ఆ టార్చి లోపలికి చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత కొంగు అంచు నుంచి సూది తీసింది. కుర్చీ మీద పడున్న రిబ్బను ముక్కలోంచి నీలం పోగు లాగి బెజ్జంలోకి ఎక్కించింది.

“అమ్మా, దీపం...” అన్నారు పట్టాభి గారు.

“ఎవరికీ ఇయ్యటంలేదు సార్. నేనే కుడతన్నా.”

సంచాలకులు గారు శాలువా పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డారు. నాలుగు నిమిషాల్లో పని అయిపోయింది. ఆయన బయటికొచ్చి మైకు ముందు అరగంట మాట్లాడారు. “సూదిపెట్టెల వల్ల ప్రయోజనం ఏమిటని అడిగేవారున్నారు. ఆపద వేళ ఒక సూది ఎంత విలువైనదో ఈరోజు నేను స్వయంగా తెలుసుకున్నాను,” అన్నారు. పథకాన్ని రాష్ట్రమంతా అమలు చేస్తామని ప్రకటించారు. చప్పట్లు ఆగలేదు.

దిగి వెళ్ళేటప్పుడు హుసేనమ్మని చూసి, “చాలా బాగా కుట్టావమ్మా. నీ మేలు మరిచిపోను,” అన్నారు. నిజంగానే అన్నారు. నేను పక్కనే ఉన్నాను.

కారు కదిలాక మార్తాండరావు గారు మా వైపు తిరిగి అడిగారు: “ఇంతకీ ఆ సూది ఏ పెట్టెలోది?”

అందరి కళ్ళూ హుసేనమ్మ కొంగు మీదికి వెళ్ళాయి.

విచారణ రెండు రోజుల్లో ముగిసింది. నిబంధన అయిదు: పెట్టెకు వెలుపల సూది ఉండరాదు. హుసేనమ్మ అనే ఒప్పంద కార్మికురాలు రెండు నెలలుగా కొంగునందు అనధికారికంగా ఒక సూదిని కలిగియున్నట్లు రుజువైనది. ఫైలు పైకి వెళ్ళింది. మార్చి ముప్పై ఒకటిన తిరిగొచ్చింది. ఒప్పందం పొడిగించనక్కరలేదు, సదరు సూదిని కార్యాలయమునకు అప్పగించవలెను. కింద సంచాలకులు గారి సంతకం, పచ్చ ఇంకుతో. ఆ సంతకం పెట్టేటప్పుడు ఆయన ఏ ప్యాంటు వేసుకున్నారో నాకు తెలియదు.

ఆమె స్థానంలో కుట్టుపనికి ఎవర్నీ తీసుకోలేదు. నాలుగు వందల పదకొండు పెట్టెల దుమ్ము తుడవడానికి ‘సూదిపెట్టెల సమన్వయకర్త’ పోస్టు మంజూరైంది.

ఏప్రిల్ ఒకటి పొద్దున్నే హుసేనమ్మ నా బల్ల ముందుకి వచ్చింది. పద్నాలుగేళ్ళుగా ఆ రోజున వచ్చినట్టే వచ్చింది, కాకపోతే ఈసారి నా దగ్గర వేరే కాగితం ఉంది. చదివి వినిపించాను. ఆమె విని తలూపింది.

“నా టార్చి ఎప్పుడిస్తారు సార్?”

“అది రాష్ట్రానికి పోయిందమ్మా. శాశ్వత నమూనా అట.”

“ఆయన చేతి టార్చి సార్ అది.”

నేను ఫైళ్ళ వైపు చూశాను. ఇరవై ఆరేళ్ళుగా ఎటు చూడాలో తెలియనప్పుడు నేను అటే చూస్తాను. తర్వాత రిజిస్టరు తెరిచి, బల్ల మీద ఒక తెల్లకాగితం పరిచాను. “ఆ సూది ఇక్కడ పెట్టి, వేలిముద్ర వెయ్యి.”

ఆమె కొంగు అంచు నుంచి సూది తీసింది. బల్ల మీద పెట్టలేదు.

“చెయ్యి పట్టండి సార్.”

“బల్ల మీద పెట్టు హుసేనమ్మా. చేతికివ్వకూడదని నువ్వే కదా చెప్పావు. తగాదాలొస్తాయని.”

“అందుకే సార్,” అంది.

నా చెయ్యి దానంతటదే తెరుచుకుంది. ఆమె సూదిని నా అరచేతిలో పెట్టి, నా కళ్ళల్లోకి ఒకసారి చూసి, వేలిముద్ర వెయ్యకుండానే వెళ్ళిపోయింది. తుప్పు లేదు. బెజ్జంలో రిబ్బను నీలం పోగు జానెడు ఇంకా వేలాడుతోంది.

రిజిస్టరులో ‘ఎవరి నుండి’, ‘ఎవరికి’ అన్న గళ్ళు నింపాను. ‘ఏ విధముగా’ అన్న గడిలో బల్ల మీద అని రాయాలి, లేకపోతే ఏడో నిబంధన కింద నాకే మెమో వస్తుంది. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత ‘చేతికి’ అని రాసి, కింద సంతకం పెట్టాను.